అనేక ఫోటోల డిజిటల్ మ్యాట్ ఫ్రేమ్: ఏ లేయర్ పద్ధతి, ఏ సాఫ్ట్‌వేర్ ఎవరికి సరిపోతాయి

ఇంట్లోని నాలుగైదు ఫోటోలను ఒకే పటంగా కట్టించాలనుకుంటే, ఫ్రేములు కట్టే షాపులో మౌంట్ బోర్డును గళ్లుగా కోసి, ఒక్కో గడి వెనుక ఒక్కో ఫోటోను అంటించి, మీద గాజు బిగించి ఇస్తారు. ఫోటోల చుట్టూ కనిపించే ఆ బోర్డే మ్యాట్. అదే రూపాన్ని ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో లేయర్ల (ఒకదాని మీద ఒకటి పేర్చుకునే పొరల) సాయంతో తయారు చేసి, మొత్తాన్ని ఒకే కాగితం మీద ప్రింట్ చేయించుకోవచ్చు. వినడానికి ఒకే పనిలా ఉన్నా దీన్ని చేసే పద్ధతులు నాలుగున్నాయి. చాలామంది ముందు సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకుని, అందులో తేలిగ్గా కనిపించిన పద్ధతిని పట్టుకుంటారు. అసలు చూసుకోవలసింది మరొకటి: ఫ్రేమ్ తయారైన తర్వాత అందులో మారేది ఫోటోలా, గళ్లా? గళ్లు స్థిరంగా ఉండి ఫోటోలు మాత్రమే మారేటట్లయితే ఒక పద్ధతి సుఖం. ఫోటోలను బట్టి గళ్ల ఆకారమే మారేటట్లయితే మరో పద్ధతి సుఖం.

కాగితపు మ్యాట్‌తో పోలిస్తే

నిజమైన మ్యాట్‌లో గడి అంచును 45 డిగ్రీల కోణంలో ఏటవాలుగా కోస్తారు కాబట్టి, బోర్డు లోపలి తెల్లని పొర ఆ కోతలో సన్నని గీతలా కనిపిస్తుంది. బోర్డు మందం వల్ల ఫోటోకు, గాజుకు మధ్య కాస్త ఖాళీ కూడా ఏర్పడుతుంది. ఈ ఖాళీ అందం కోసం మాత్రమే కాదు. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తేమ ఎక్కువగా ఉండే ఊళ్లలో గాజుకు ఆనుకుని ఉన్న ప్రింటు కొన్నేళ్లకు దానికే అతుక్కుపోయి, విడదీయబోతే రంగు పొర ఊడివచ్చే ప్రమాదం ఉంది. డిజిటల్ మ్యాట్‌లో అంతా ఒకే కాగితం గనుక ఆ రక్షణ ఉండదు. ప్రింటుకు లామినేషన్ చేయించడమో, ఫ్రేమ్ లోపల గాజుకు, ప్రింటుకు నడుమ సన్నని పట్టీలు పెట్టించడమో చేయాలి.

అయితే డిజిటల్ మ్యాట్‌కు ఉన్న సౌలభ్యాలు తక్కువేమీ కావు. అసలు ఫోటోలు ఆల్బమ్‌లోనే భద్రంగా ఉంటాయి, పాస్‌పోర్ట్ సైజు పాత ఫోటోను గడికి తగ్గట్టు పెంచుకోవచ్చు, వెలిసిపోయిన రంగులను పక్క ఫోటోలతో కలిసేలా సరిచేసుకోవచ్చు, వచ్చే ఏడు ఇంట్లో కొత్త మనిషి చేరితే ఒక్క ఫోటో మార్చి మళ్లీ ప్రింట్ వేయించుకోవచ్చు. నా ఉద్దేశంలో ఒకే పెద్ద పెళ్లి ఫోటోకైతే కాగితపు మ్యాటే మేలు. ఆ ఏటవాలు కోత మీద పడే అసలైన వెలుగుకు కంప్యూటర్ గీసిన నీడ సాటిరాదు. ఫోటోలు నాలుగు దాటితే మాత్రం డిజిటల్ మ్యాట్ వైపే మొగ్గు చూపాలి. అన్ని గళ్లను చేత్తో కోసేటప్పుడు ఒక్క కోత తప్పినా బోర్డు మొత్తం పనికిరాకుండా పోతుంది.

ఏ పద్ధతికైనా ముందు కొలతలే

18×12 అంగుళాల అడ్డ పటాన్ని ఉదాహరణగా తీసుకుందాం. షష్టిపూర్తి దంపతుల నిలువు ఫోటో మధ్యలో పెద్దదిగా, పిల్లలవీ మనవలవీ చదరపు ఫోటోలు అటు రెండు, ఇటు రెండు. అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున కాన్వాస్, అంటే పనిచేసే మొత్తం చిత్రం, 5400×3600 పిక్సెళ్లు అవుతుంది. ఎడమ, కుడి, పై అంచులకు 450 పిక్సెళ్లు, కింది అంచుకు 600, గడికీ గడికీ మధ్య సందుకు 150 కేటాయిస్తే, చదరపు గళ్లు ఒక్కొక్కటి 1200×1200 పిక్సెళ్లకు, మధ్య గడి 1800×2550 పిక్సెళ్లకు కచ్చితంగా సరిపోతాయి. కింది అంచును ఎక్కువగా ఉంచడం మ్యాట్ కోసేవారి పాత అలవాటు. నాలుగు వైపులా సమానంగా ఉంచితే గోడ మీద చూసినప్పుడు ఫోటోలు కిందికి జారినట్లు అనిపిస్తాయి.

ఇక్కడ ఫ్రేమ్ షాపు సంగతి ఒకటి గుర్తుంచుకోవాలి. ఫ్రేమ్ లోపలి గాడి కాగితాన్ని ప్రతివైపూ పావు అంగుళం దాకా, అంటే 75 పిక్సెళ్ల మేర, కప్పేస్తుంది. 450 పిక్సెళ్ల అంచులో చివరికి కంటికి కనిపించేది 375 పిక్సెళ్లే. అంచులు సన్నగా ఉంటేనే నాజూకుగా ఉంటుందని 200 పిక్సెళ్లతో సరిపెట్టినవారికి పటం చేతికొచ్చాక గళ్లు ఫ్రేమ్‌కు ఒరుసుకుంటున్నట్లు కనిపించేది ఇందుకే.

గడి కొలత తెలిసింది కాబట్టి ఏ ఫోటో ఎక్కడ పనికొస్తుందో కూడా ఇప్పుడే తేల్చుకోవచ్చు. 12 మెగాపిక్సెళ్ల ఫోన్ కెమెరా ఫోటో నిలువుగా 3000×4000 పిక్సెళ్లు ఉంటుంది గనుక మధ్య గడికి ధారాళంగా సరిపోతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో పొడవు వైపు 1600 పిక్సెళ్లకు లోపే ఉంటుంది. అది చదరపు గడికి గట్టెక్కవచ్చు గానీ మధ్య గడిలో పెడితే ముఖాలు మసకబారతాయి. కాబట్టి బంధువులను ఫోటో అడిగేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపమని చెప్పాలి. 35×45 మిల్లీమీటర్ల పాత పాస్‌పోర్ట్ ఫోటోను 600 డీపీఐతో (అంగుళానికి 600 చుక్కలతో) స్కాన్ చేస్తే వెడల్పు సుమారు 830 పిక్సెళ్లే వస్తుంది, 1200 పిక్సెళ్ల గడికి అది చాలదు; 1200 డీపీఐతో స్కాన్ చేస్తే 1650 దాకా వస్తుంది కాబట్టి ఇబ్బంది ఉండదు.

కన్నాల మ్యాట్ పద్ధతి

కాగితపు మ్యాట్‌కు ఇది అచ్చమైన నకలు. అన్నిటికంటే పైన ఒకే రంగు నింపిన మ్యాట్ లేయర్ ఉంటుంది, అందులో గళ్లున్న చోట కన్నాలు ఉంటాయి, ఫోటోలన్నీ దాని కింది లేయర్లలో ఉంటాయి. మ్యాట్ లేయర్‌కు ఒక్కసారి డ్రాప్ షాడో (కింది లేయర్ల మీద పడే నీడ) ఇస్తే చాలు, అయిదు గళ్లలోనూ నీడ ఒకే దిశలో, ఒకే లోతుతో పడుతుంది. లేయర్లు ఉన్న ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఈ పద్ధతి సాగుతుంది. పైగా మ్యాట్ లేయర్‌ను మాత్రమే పారదర్శకమైన పీఎన్‌జీ ఫైలుగా దాచుకుంటే, తర్వాత ఏ ఇతర సాఫ్ట్‌వేర్‌లోనైనా, చివరికి లేయర్లు ఉన్న ఫోన్ యాప్‌లోనైనా, దాని కింద ఫోటోలు పెట్టుకోవచ్చు.

కన్నాలు చేసేటప్పుడు ఎంపిక చేసిన భాగాన్ని డిలీట్ చేయకూడదు. మ్యాట్ లేయర్‌కు లేయర్ మాస్క్ (తెలుపున్న చోట లేయర్‌ను చూపి, నలుపున్న చోట దాచే తెర) జోడించి, గళ్లున్న చోట నలుపు నింపాలి. కనిపించే ఫలితం ఒకటే అయినా, మాస్క్‌లో తెలుపు నింపితే గడి మళ్లీ మూసుకుంటుంది కాబట్టి కొలత తప్పినప్పుడు మొదటికి రావలసిన అవసరం ఉండదు. ఫోటోషాప్‌లో ఇంకొక మెలకువ కూడా కావాలి: నీడ, అంచు ఉబ్బు వంటి లేయర్ స్టైల్స్ మాస్క్ అంచును అనుసరించాలంటే, బ్లెండింగ్ ఆప్షన్లలో లేయర్ మాస్క్ ఎఫెక్టులను దాచే గుర్తు పెట్టి ఉండకూడదు.

ఈ పద్ధతిలోని అసలు చిక్కు ఫోటోలు ఒకదాని గడిలోంచి మరొకటి తొంగిచూడటం. ఎడమవైపు పైగడిలోని ఫోటోను కాస్త పెద్దది చేసి కుడికి జరిపితే, 150 పిక్సెళ్ల సందు దాటిన భాగం, లేయర్ల వరుసను బట్టి, మధ్య గడిలో ప్రత్యక్షమవుతుంది: తాతగారి భుజం పక్కన మనవడి మోచేయి. ప్రతి ఫోటోను గడి కంటే అన్ని వైపులా 75 పిక్సెళ్లకు మించకుండా క్రాప్ చేసుకుంటే, అంటే సందులో సగం వరకే ఉంచుకుంటే, ఈ బెడద తప్పుతుంది. అయితే అప్పుడు గడిలో ఫోటోను జరుపుకునే వెసులుబాటు ఆ మేరకు తగ్గుతుంది. డిజైన్ ఒకసారి ఖాయమై, గళ్లు కదలవని తెలిసినవారికి ఇది లెక్కలోకి రాదు. గంటకొకసారి అమరిక మార్చేవారికి విసుగు పుట్టిస్తుంది.

క్లిప్పింగ్ మాస్క్ పద్ధతి

ఇందులో వరుస తలకిందులవుతుంది. మ్యాట్ అట్టడుగున సాదా నేపథ్యంగా ఉంటుంది. దాని మీద ఒక్కో గడికి ఒక్కో దీర్ఘచతురస్రపు షేప్ లేయర్, ఆ షేప్ మీద ఫోటో లేయర్ ఉంటాయి. ఫోటోషాప్‌లో ఫోటో లేయర్‌ను ఎంచుకుని ఆల్ట్, కంట్రోల్, జీ మీటలు కలిపి నొక్కితే, ఫోటో దాని కింది షేప్ హద్దుల్లోనే కనిపిస్తుంది. లేయర్ల పానెల్‌లో ఫోటో పక్కకు జరిగి కిందికి వంగిన బాణం గుర్తు వస్తుంది. ఫోటోను ఎంత పెంచినా, ఎటు జరిపినా పక్క గడి జోలికి పోదు. షేప్ కొలత మార్చినా, మూలలు గుండ్రంగా చేసినా, దీర్ఘచతురస్రం తీసేసి అండాకారం పెట్టినా ఫోటో దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. అమరిక ఇంకా తేలని దశలో ఇంతకంటే అనువైన పద్ధతి లేదని చెప్పవచ్చు.

నీడ విషయంలో మాత్రం పని పెరుగుతుంది. ఇక్కడ మ్యాట్ కింద ఉంది కాబట్టి దాని నీడ ఫోటోల మీద పడదు. ప్రతి షేప్‌కూ ఇన్నర్ షాడో ఇచ్చి, గడి లోతుగా ఉన్నట్లు భ్రమ కల్పించాలి. ఒక షేప్‌కు స్టైల్ ఇచ్చి మిగిలినవాటికి కాపీ చేయవచ్చు గానీ, తర్వాత నీడ లోతు మార్చాలనుకుంటే అన్నిటికీ మళ్లీ కాపీ చేయవలసిందే. లేయర్ల సంఖ్య కూడా రెట్టింపవుతుంది గనుక ఒక్కో జంటను ఒక గ్రూపులో పెట్టి, పెద్ద గడి, ఎడమ పై గడి అని పేర్లు రాసుకోకపోతే మర్నాటికే గందరగోళం మొదలవుతుంది.

ఒకే డిజైన్‌ను పది కుటుంబాలకు వాడే స్టూడియోవారు ఫోటోలను స్మార్ట్ ఆబ్జెక్టులుగా (అసలు ఫోటోను చెడకుండా లోపల దాచుకునే లేయర్లుగా) పెట్టుకుంటారు. ఫోటోషాప్‌లో 2005 నుంచి ఉన్న ఈ సదుపాయంతో రీప్లేస్ కంటెంట్స్ అన్న ఒక్క ఆదేశంతోనే ఫోటో మారిపోతుంది, ఇచ్చిన స్టైల్స్ అలాగే ఉంటాయి. కొత్త ఫోటో పిక్సెళ్ల కొలత పాతదానికి భిన్నంగా ఉంటే మాత్రం అది గడిలో చిన్నదిగానో, మరీ పెద్దదిగానో వచ్చి కూర్చుంటుంది. మార్చబోయే ఫోటోలన్నిటినీ ముందే ఒకే కొలతకు క్రాప్ చేసిపెట్టుకోవడం ఇందుకు విరుగుడు.

మిగిలిన రెండు పద్ధతులు

ఫోటోషాప్‌లో 2018 అక్టోబరు విడుదలతో ఫ్రేమ్ టూల్ వచ్చింది. కె మీట నొక్కి గడి గీసి, అందులోకి ఫోటోను లాగి వదిలితే, అది తానే స్మార్ట్ ఆబ్జెక్టుగా మారి గడికి సరిపడేలా అమరుతుంది. అయిదు ఫోటోలు అయిదు నిమిషాల్లో కుదురుకుంటాయి. తొందరగా నమూనా చూపించాల్సినవారికి ఇది చక్కని సాధనం. నీడలు, కోత అంచులు కావాలనుకుంటే దీని మీద కన్నాల మ్యాట్ లేయర్ కప్పుకోవడం మేలు.

నాలుగోది ప్రతి ఫోటోకు విడిగా లేయర్ మాస్క్ పెట్టడం. దీనిలో ఫోటోను జరిపితే మాస్క్ కూడా దానితోపాటు జరుగుతుంది. ఫోటోషాప్‌లో రెండింటి మధ్య ఉన్న గొలుసు గుర్తును తీసేస్తేనే ఫోటో ఒక్కటే కదులుతుంది. ఒకటి రెండు ఫోటోలకు సరే గానీ అయిదింటికి దీనినే ప్రధాన పద్ధతిగా పెట్టుకోవడాన్ని నేను సమర్థించను. కన్నాల మ్యాట్ కింద తొంగిచూసే భాగాలను దాచడానికి సహాయంగా వాడుకుంటే మాత్రం ఎంతో ఉపయోగం.

కోత అంచు, నీడ: నమ్మకం కలిగించేది ఇదే

మ్యాట్ నిజంగా కోసినట్లు కనిపించాలంటే రెండు విషయాలు కుదరాలి. మొదటిది కోత వెడల్పు. మామూలు మౌంట్ బోర్డు మందం దాదాపు 1.4 మిల్లీమీటర్లు, 45 డిగ్రీల కోతలో ఎదురుగా కనిపించే అంచు వెడల్పు కూడా అంతే. 300 పిక్సెళ్ల లెక్కన అది 16 లేదా 17 పిక్సెళ్లు. గడి చుట్టూ ఆ వెడల్పున్న దాదాపు తెల్లని గీత ఉండాలి. 40, 50 పిక్సెళ్లు పెట్టినప్పుడు అది మ్యాట్‌లా కాక బాత్‌రూమ్ టైల్‌లా కనిపిస్తుంది.

రెండోది వెలుగు దిశ. వెలుగు ఎడమ పైనుంచి వస్తున్నదని అనుకుంటే, గడి పైఅంచు, ఎడమ అంచు వెలుగుకు పెడముఖంగా ఉంటాయి కాబట్టి అవి కాస్త బూడిద రంగులో ఉండాలి. కింది అంచు, కుడి అంచు వెలుగుకు ఎదురుగా ఉంటాయి కాబట్టి అవి తెల్లగా మెరవాలి. ఉబ్బెత్తు బటన్ల కోసం ఉద్దేశించిన తయారు స్టైల్స్‌లో ఇది సరిగ్గా తిరగబడి ఉంటుంది. అలాంటి స్టైల్‌ను తెచ్చి గడికి తగిలిస్తే ఫోటో మ్యాట్ వెనుక ఉన్నట్లు కాక, మ్యాట్ మీదికి పొంగుకొచ్చినట్లు కనిపిస్తుంది. నీడకు 6 నుంచి 10 పిక్సెళ్ల దూరం, 20 పిక్సెళ్ల చుట్టుపక్కల మెత్తదనం, 30 నుంచి 40 శాతం చిక్కదనం చాలు. బోర్డు ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం కూడా లేనప్పుడు దాని నీడ అంగుళం పొడవున పడదు కదా.

మ్యాట్ రంగుకు పూర్తి తెలుపు వాడకపోవడం మంచిది. ఎరుపు 245, ఆకుపచ్చ 241, నీలం 232 విలువలతో వచ్చే మీగడ రంగు మీద తెల్లని కోత గీత విడిగా కనిపిస్తుంది. దానికి ఒక శాతం నాయిస్ (సన్నని చుక్కల గరుకు) కలిపితే కాగితపు గరుకుదనం వస్తుంది, నీడ పలుచబడే చోట చారలు కూడా పడవు.

సాఫ్ట్‌వేర్ ఎంపిక

ఇంట్లో ఒక్క పటం చేసుకోదలచినవారికి ఫోటోపీ చాలు. అది బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ఫోటోషాప్ సొంత పీఎస్‌డీ ఫైళ్లు తెరుస్తుంది, క్లిప్పింగ్ మాస్కులు, స్మార్ట్ ఆబ్జెక్టులు, లేయర్ స్టైల్స్ అన్నీ ఉన్నాయి. ప్రకటనలు భరించాలి, అంతే. ఫోటోలు సర్వర్‌కు వెళ్లకుండా మన కంప్యూటర్‌లోనే ఎడిట్ అవుతాయి. కానీ ఈ కాన్వాస్‌లో ఒక్కో నిండు లేయర్ దాదాపు 78 మెగాబైట్ల మెమరీ తీసుకుంటుంది గనుక 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో మిగతా ట్యాబులు మూసేసి పనిచేయాలి, ఫైలును తరచూ సేవ్ చేసుకోవాలి.

గింప్ పూర్తిగా ఉచితం, ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది. ఫోటోషాప్‌లోలా ఒక మీటతో వచ్చే క్లిప్పింగ్ మాస్క్ అందులో లేదు కాబట్టి కన్నాల మ్యాట్ పద్ధతే దానికి నప్పుతుంది. 2025 మార్చిలో వచ్చిన 3.0 వెర్షన్ నుంచి డ్రాప్ షాడో వంటి ఫిల్టర్లను వేసిన తర్వాత కూడా మార్చుకోవచ్చు. అంతకుముందు వెర్షన్లలో నీడ నచ్చకపోతే ఆ పని మొత్తం మళ్లీ చేయాల్సి వచ్చేది. ఇంకా 2.10తోనే నెట్టుకొస్తున్నవారు ఈ ఒక్క పనికోసమైనా కొత్త వెర్షన్‌కు మారడం సబబు.

ఫోటోషాప్‌కు చందా కట్టాలి, కనీసం 8 జీబీ ర్యామ్ కావాలి. ఒక్క పటం కోసం అంత ఖర్చు దండగ. పెళ్లి ఆల్బమ్‌ల 12×36 షీట్లు రోజూ చేసే స్టూడియోవారికి, వారితో ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునేవారికి మాత్రం అది లేకుండా కుదరదు. అఫినిటీని 2024లో కాన్వా సంస్థ కొన్నది, 2025 అక్టోబరు నుంచి కొత్త వెర్షన్ ఉచితంగా దొరుకుతోంది; అందులో ఫోటో లేయర్‌ను షేప్ లేయర్ లోపలికి లాగితే క్లిప్ అవుతుంది. చందా కట్టకుండా క్లిప్పింగ్ పద్ధతి కావాలనుకునేవారు దీన్ని చూడవచ్చు. కాన్వాలోని గ్రిడ్లు, ఫ్రేములు స్టేటస్‌లో పెట్టుకునే చిత్రాలకు బాగుంటాయి గానీ కోత అంచు, నీడల మీద పట్టు ఉండదు కాబట్టి గోడకు తగిలించే పటానికి నేను సూచించను.

తయారుగా దొరికే పీఎస్‌డీ టెంప్లేట్లు తీసుకునేవారు ముందు రెండు విషయాలు చూడాలి: కాన్వాస్ పిక్సెళ్లలో ఎంత ఉంది, గళ్లు విడి లేయర్లుగా ఉన్నాయా లేక నేపథ్యంలో కలిపేశారా అన్నది. బంగారు పూలు, తీగలు, మెరుపులు తీసేయడానికి పట్టే సమయంలో సొంత మ్యాట్ ఒకటి తయారవుతుంది.

పేర్లు, ప్రింటు

మ్యాట్ కింది అంచున తెలుగులో పేరు, తేదీ రాయాలనుకునేవారికి గింప్‌లో యూనికోడ్ అక్షరాలు వత్తులతో సహా సరిగ్గానే వస్తాయి. రామభద్ర, మండలి, సురన్న వంటి ఉచిత ఫాంట్లు చక్కగా కుదురుతాయి. ఫోటోషాప్ కొన్ని వెర్షన్లలో టైప్ సెట్టింగుల్లో దక్షిణాసియా లిపులకు సంబంధించిన ఎంపిక పెట్టకపోతే వత్తులు విడిపోయి పక్కన పడతాయి. డీటీపీ వారు అను ఫాంట్లతో రాసి ఇచ్చిన అక్షరాలు ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో అర్థంలేని గుర్తులుగా కనిపిస్తాయి కాబట్టి, వాటిని ముందే రాస్టరైజ్ చేయించి, అంటే బొమ్మగా మార్పించి, తీసుకోవాలి.

లేయర్లున్న ఫైలును పీఎస్‌డీగానో, గింప్ సొంత ఎక్స్‌సీఎఫ్ ఫైలుగానో దాచుకుని, ల్యాబ్‌కు ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల ప్రమాణంలో అత్యధిక నాణ్యతతో జేపెగ్ ఇవ్వాలి. ఆటో కరెక్షన్ వేయవద్దని ల్యాబ్‌వారికి విడిగా చెప్పడం అవసరం. అది మీగడ రంగు మ్యాట్‌ను తెల్లబరచి కోత గీతను మింగేస్తుంది. పెద్ద ప్రింటుకు ముందు ఆ ఫైలులోంచి ఒక గడి మూల, రెండు గళ్ల అంచులు పడేలా 1800×1200 పిక్సెళ్ల ముక్కను కత్తిరించి 6×4 ప్రింట్ తీయించుకుంటే, నీడ ఎక్కువైందో, గీత మరీ సన్నమైందో అసలు కొలతలోనే తెలిసిపోతుంది. దాన్ని పటం తగిలించబోయే గోడ దగ్గరే, సాయంత్రం లైటు వేసి చూడాలి.